దుప్పటి మీద పత్తి

“ఊపిరుండగానే ఇంటికి చేర్చాలమ్మాయ్! ఇక్కడే పోయాడంటే మనిషి మన చేతికి రాడు. పోలీసోళ్ళు వస్తారు. ఒంగోలు తీసకపోయి నిలువునా కోస్తారు. అప్పుడు నువ్వు ఏడ్చి ఏం లాభం?”

“నేను కదలను బావగారూ. మీరు వంద చెప్పండి. రెండు రోజులు చూద్దామని డాక్టరుగారు నాతో అన్నారు.”

“డాక్టరు లోపల ఎవరికో పొట్ట కోస్తన్నాడు. ఆయన బయటికొచ్చేదాకా వీడుంటాడా? ఆయమ్మ చెప్పింది నీకు వినపడలా? పత్తి తీస్తన్నాడంట! ఆమె ఆ మాటంటే ఇంతవరకూ తప్పలేదంట!”

“ఆమేమన్నా దేవుడా?”

“దేవుడు కాదు. ఇరవయ్యారేళ్ళనుంచి ఇదే వార్డులో పోయేవాళ్ళని చూస్తన్న మనిషి!”

రికార్డు గదికీ మగవాళ్ళ వార్డుకీ మధ్య ఉన్నది చెక్కల తడిక. ఇటు కూర్చుని డిశ్చార్జి కాయితం టైపు కొడుతున్న త్యాగరాజు వేళ్ళు ‘ఆయమ్మ చెప్పింది’ అన్న చోట ఆగిపోయాయి.

గొడవ పడేవాళ్ళిద్దరూ అతనికి నిన్నటినుంచి తెలుసు. ఆడమనిషి దుర్గాంబ. గద్దించేది ఆమె బావగారు శేషాచలం. ఇద్దరి మధ్యా మంచం మీద ఉన్నది దుర్గాంబ భర్త జానకిరామయ్య, నలభయ్యేళ్ళ పత్తి రైతు. నిన్న పొద్దున మూతికి గుడ్డయినా కట్టుకోకుండా ఎదురుగాలిలో పురుగుమందు కొట్టాడు. నాలుగో టాంకీ వీపుకెత్తుకోగానే నోట నురగతో చేలోనే పడ్డాడు. ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి పడుకోబెట్టి తెచ్చారు. ఇప్పుడు అదే ట్రాక్టరు, అదే గడ్డితో, ఇంజను ఆపకుండా గేటు బయట గుడగుడలాడుతోంది. తెచ్చినట్టే తీసుకుపోవడానికి.

వాళ్ళనుకునే ఆ వీరమ్మ మాటకి అంత బలం తెచ్చిపెట్టింది త్యాగరాజే.

వీరమ్మ ఆ ఆసుపత్రి ఆయా. చీరాలనుంచి లోపలి పల్లెలకు పోయే రోడ్డు మీద ఎప్పుడో దొరలు కట్టి వదిలేసిపోయిన ముప్పై మంచాల ఆసుపత్రి అది. దొరల తర్వాత మిగిలినవి పెంకుల కప్పూ, రికార్డు గదిలో చెదలు పట్టిన కేసు కాయితాల కట్టలూ, వీరమ్మా. ఆమెకి అరవై దగ్గర పడ్డాయి. బక్కపలచటి మనిషి. నడుము కొంచెం ముందుకు వంగి ఉంటుంది. అది వయసు వంపు కాదు. ఏడో ఏటనుంచి ముప్పయ్యో ఏటి దాకా నల్లరేగడి చేలల్లో పత్తి తీసిన నడుము అది, అట్లాగే నిలబడిపోయింది. వార్డులో మాసిన దుప్పట్లు పోగు చేసినా వాటిని చంకన పెట్టుకోదు. చీర చెంగు మడిచి నడుముకి ఒడి కట్టి అందులో కుక్కుకుని, పత్తి కూలీలాగే బరువుగా నడిచిపోతుంది. భర్త దానయ్య బండి తోలేవాడు. ఆయన పోయి పదేళ్ళయింది. ఆదివారం ఏసు గుడికి పోతుంది, వెనక వరసలో కూర్చుంటుంది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. చావబోయేవాళ్ళ దగ్గర మాత్రం భయం లేకుండా కూర్చుంటుంది. నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తుంది. వాళ్ళ చేతులు చూస్తుంది.

చేతులే చూస్తుంది. మొహం చూడదు.

బాగా ముదిరిన రోగుల్లో కొందరు ఉన్నట్టుండి దుప్పటిని ఏరడం మొదలుపెడతారు. బొటనవేలూ మరో రెండు వేళ్ళూ దగ్గరకు చేర్చి, లేని వస్తువేదో గిల్లి, మెల్లగా పైకి లాగుతారు. మళ్ళీ గిల్లుతారు. కళ్ళు ఎటో ఉంటాయి, చేతులు మాత్రం తెలిసిన పనిలో ఉన్నంత నిబ్బరంగా ఉంటాయి. అది కనపడగానే వీరమ్మ లేచి వచ్చి ఇంటివాళ్ళతో ఒకే మాట అంటుంది.

“పత్తి తీస్తన్నారు. తీసకపోండి.”

ఇంటివాళ్ళు తీసుకుపోతారు. బయట పోయిన మనిషిని గడప లోపలికి రానివ్వరు కదా, అందుకని. పురుగుమందు కేసయితే పోలీసుల భయం కూడా. బండి మీదో రిక్షాలోనో ఇంటికి చేర్చి, వసారాలో పడుకోబెట్టి, నోట్లో నీళ్ళు పోస్తూ చూస్తారు. ఒక రోజు, రెండు రోజులు. తర్వాత కబురొస్తుంది. వీరమ్మ మాట తప్పలేదని ఊళ్ళన్నీ చెప్పుకుంటాయి. ఈ పద్ధతి ఇరవయ్యారేళ్ళుగా నడుస్తోంది.

ఆసుపత్రికి ఎదురుగా జిన్నింగు మిల్లు ఉంది. డిసెంబరు వచ్చిందంటే పత్తి నూగు గాలికి లేచి కిటికీ ఊచల్లోంచి వార్డులోకి వచ్చేస్తుంది. మంచాల మీద, మందు సీసాల మీద, నిద్రపోయేవాళ్ళ కనురెప్పల మీద తెల్లగా పేరుకుంటుంది. అందుకని త్యాగరాజు ఉద్యోగంలో చేరిన కొత్తలో, వాళ్ళు ఆ నూగే ఏరుతున్నారనుకున్నాడు. ఒకసారి దగ్గరికి పోయి చూశాడు. ఆ రోగి దుప్పటి మీద పడ్డ నూగుని ముట్టుకోవడం లేదు. దుప్పటికి జానెడు ఎత్తున, ఖాళీగాలిలో, మొక్కకి కాయ ఎక్కడుండాలో సరిగ్గా అక్కడ గిల్లుతున్నాడు.

త్యాగరాజు చీరాల బడిపంతులుగారి అబ్బాయి. బియ్యస్సీ రెండో ఏడు సగంలో వదిలేశాడు. బోటనీ లెక్చరరు అందరి ముందూ “నీకు పేజీ చివరిదాకా చదివే ఓపిక లేదురా” అన్నందుకు పుస్తకం బల్లకేసి కొట్టి బయటికొచ్చిన వాడు, మళ్ళీ లోపలికి పోలేదు. ఇంట్లో ఉండలేక ఇక్కడ రికార్డులు రాసే పనిలో చేరాడు. ఎక్కడా కుదురుగా నిలవని ఆ బుర్రకి రికార్డు గదిలో ఒక వ్యాపకం దొరికింది. పాత దొరసాని డాక్టరమ్మ రాసిన కేసు కాయితాల్లోంచి రోజుకొక ఇంగ్లీషు వైద్యపు మాట ఏరడం, అట్టలూడిన పాత నిఘంటువులో దాని అర్థం వెతకడం, నోటుబుక్కులో ఎక్కించుకోవడం.

నెల క్రితం అట్లా దొరికిన మాట కార్ఫాలజీ.

పేజీ అడుగున ఉంది. గ్రీకు మాటంట. గడ్డిపరకలు ఏరడమని మూలార్థం. ‘రోగి తన పక్కబట్టలను వేళ్ళతో ఏరుట. తీవ్రమైన జ్వరములలో, బలము పూర్తిగా ఉడిగినప్పుడు కనిపించును. తరచు మరణమునకు ముందు’

త్యాగరాజు నోటుబుక్కు పట్టుకుని వరండాలోకి పరిగెత్తి, దుప్పట్లు ఆరేస్తున్న వీరమ్మని చెయ్యి పట్టుకుని రికార్డు గదిలోకి లాక్కొచ్చాడు.

“వీరమ్మా, నువ్వు చెప్పేది పుస్తకంలో ఉంది! దానికో పేరుంది. కార్ఫాలజీ.”

ఆమె ఆ నల్లటి అక్షరాల వంక చాలాసేపు చూసింది. “ఏమని ఉంది బాబూ?”

“గడ్డిపరకలు ఏరడమని.”

“గడ్డి కాదు. పత్తి.”

“వాళ్ళ దేశంలో పత్తి లేదేమోలే.”

“మరి చివరికి ఏమవుద్దని రాశారు?”

“నువ్వు చెప్పేదే. చావొస్తుందని.”

వీరమ్మ తల పంకించింది. గెలిచినట్టుగా కాదు, తనకి తెలిసిన దుర్వార్త రెండో మనిషి నోట విన్నట్టుగా. తర్వాత కింద కూర్చుని, ఎవరికీ చెప్పని సంగతి అతనికి చెప్పింది.

“ఆ చేనెవరిదో నాకు తెలవదు బాబూ. పిలుపొస్తే మాత్రం పోవాల్సిందే. జన్మలో చేనుగట్టు తొక్కని పోస్టుమాస్టరుగారొకాయన ఉన్నారు. మొదటిరోజు చేతకాక కాయని ఆకుపొట్టుతో సహా పీకినట్టు లాగాడు. రెండోరోజుకి పని పట్టుబడింది. మా కూలీల మేస్త్రి చూస్తే మెచ్చుకునేవాడు, అంత శుభ్రంగా తీశాడు. మూడోరోజు పోయాడు. చదువుకున్నోడు, కూలోడు, ముసలోడు, అందరూ ఒకేరకంగా తీస్తారు. ఎవరో పక్కన నిలబడి నేర్పినట్టు.”

“ఊరుకో వీరమ్మా.”

“తీసినంతసేపూ పరవాలా. తీసింది నడుం దగ్గరికి తెచ్చి ఒడిలో వేసుకున్నారా, ఇక రారు.”

“నీకెట్లా తెలుసు?”

“మా సంతోషకుమారి.”

ఆమె కూతురు. ఎనిమిదేళ్ళ పిల్ల. ఎడమచేతి వాటం. పత్తి సాలు వెంట అందరి చేతులూ ఒకవైపు పోతే దాని చెయ్యి ఒకవైపు పోయేదని మేస్త్రి కసిరేవాడంట. సన్నిపాత జ్వరం వచ్చి పదిహేను రోజులైతే, ఇదే ఆసుపత్రికి తెచ్చారు. ఇదే వార్డు అప్పుడు పిల్లల వార్డు. పదహారో రోజు మధ్యాహ్నం పిల్ల కళ్ళు పైకి పెట్టి, ఎడమచేత్తో దుప్పటి మీద పత్తి తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి గుప్పెడు తీసినట్టు పిడికిలి బిగించి, తల్లివైపు చాచింది. ‘అమ్మా, పట్టు.’

“నేను పట్టలా బాబూ. భయమేసింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నా. ‘పట్టమ్మా’ అని మళ్ళీ అంది. నేను పట్టలా. అప్పుడు అది తన ఒళ్ళోనే వేసుకుంది. దొరసానమ్మ వచ్చి నర్సుతో ఇంగిలీసులో ఏదో అంది. నాకర్థం కాలా. బండి తెప్పించి ఇంటికి తీసకపోయాం. రెండు రోజులుంది.”

ఆ తర్వాత వీరమ్మ మళ్ళీ చేలోకి పోలేదు. ఆసుపత్రిలో పనికి చేరింది. ఎందుకని ఆమె చెప్పలేదు, త్యాగరాజు అడగలేదు.

ఆ రోజునుంచి వీరమ్మ గొంతు మారింది. ఇదివరకు చెవిలో చెప్పే మాట గట్టిగా చెప్పసాగింది. “పుస్తకంలో కూడా ఉంది. ఇంగిలీసు పేరుంది. కావాలంటే బాబునడగండి.” ఈ నెలలో ఇద్దరిని తీసుకుపోయారు. త్యాగరాజు రెండుసార్లూ తలాడించాడు. ఆ రెండు తల ఊపులూ ఇప్పుడు తడిక అవతల గొడవ వింటుంటే గుర్తొచ్చాయి.

“రావయ్యా ఇటు!” అన్నాడు శేషాచలం, తడిక సందులోంచి అతని వంక చూసి. “నువ్వే కదూ చదువుకున్నోడివి? పుస్తకంలో ఉందా లేదా, మా మరదలికి చెప్పు.”

త్యాగరాజు వార్డులోకి వచ్చాడు. జానకిరామయ్య మొహం కాల్చినట్టు ఎర్రగా ఉంది. పెదాలు ఎండి చీలాయి. నిన్న ఆవగింజంత ఉన్న కంటిపాపలు ఇప్పుడు కన్నంతా నల్లగా పరుచుకున్నాయి. ఆ కళ్ళు పైకప్పు వంక ఉన్నాయి. చేతులు దుప్పటి మీద పనిచేస్తున్నాయి. గిల్లడం, మెలితిప్పడం, లాగడం. నాలుగుసార్లకొకసారి కుడిచెయ్యి నడుము దగ్గరకొచ్చి వేళ్ళు విచ్చుకుంటున్నాయి.

మంచం తలవైపు నిలబడ్డ వీరమ్మ ఆ వేళ్ళనే చూస్తోంది. “ఒడిలో వేసుకుంటన్నాడు” అంది మెల్లగా.

“విన్నావా? చెప్పవయ్యా, ఉందా లేదా?”

“ఉంది” అన్నాడు త్యాగరాజు.

దుర్గాంబ మంచం కోడుని రెండు చేతులా పట్టుకుని కింద కూర్చుని ఉంది. కాలు పట్టి లాగినా వదిలేటట్టు లేదు. తలెత్తి అతని మొహంలోకి చూసింది.

“తెచ్చి చదువు.”

“ఏంటమ్మా?”

“ఆ పుస్తకం తెచ్చి నా ముందు చదువు. నాకు అక్షరం ముక్క రాదు, నిజమే. మా ఆయన్ని చంపే మాట నా చెవుల్తో నేను వింటా. తే.”

త్యాగరాజు తెచ్చాడు. మంచం పక్కన నిలబడి, ఒక్కొక్క ముక్కకీ తెలుగు చెబుతూ చదివాడు. పక్కబట్టలు ఏరడం. తీవ్రమైన జ్వరం. బలం ఉడగడం. తరచు చావుకి ముందు. అక్కడికి పేజీ అయిపోయింది.

“అంతేనా?” అంది దుర్గాంబ.

“అంతే.”

“తరచు అంటే ఎప్పుడూ అనా?”

అతను మళ్ళీ పేజీ మీదికి వంగాడు. పేజీ చివర చుక్క లేదని అప్పుడే చూశాడు. నెల క్రితమే చదివాననుకున్న పేజీ. పేజీ తిప్పాడు. రెండు కాయితాలు అంటుకుపోయి ఉన్నాయి, గోటితో విడదీశాడు.

‘...కానవచ్చునే గాని, ఇది మరణచిహ్నమే అనుకొనరాదు. సన్నిపాతములోను, త్రాగుడు హఠాత్తుగా మానినవారిలోను, ఉమ్మెత్త జాతి విషములలోను, అట్రోపిన్ మందు అధికమైనప్పుడును కలుగును. కారణము తొలగిన, ఇదియు తొలగును.’

మూడుసార్లు చదువుకున్నాడు. అట్రోపిన్. నిన్నటినుంచి పావుగంటకొకటి చొప్పున జానకిరామయ్యకి పొడుస్తున్న ఇంజెక్షను అదే. పురుగుమందుకి విరుగుడు. డాక్టరు చెబుతుంటే కేసు కాయితం మీద ఆ పేరు రాసింది తనే. బోటనీ క్లాసులో ఉమ్మెత్త కొమ్మ పట్టుకుని లెక్చరరు చెప్పిన పాఠంలో కూడా ఆ పేరుంది.

“తీసుకుపోవద్దు” అన్నాడు.

“ఏందీ?” శేషాచలం కళ్ళెర్రజేశాడు. “ఇప్పుడేగా ఉందన్నావ్?”

“సగం చదివి చెప్పాను. వెధవపని చేశాను. ఈయన చేతులు ఇట్లా ఆడేది చావు వచ్చి కాదు, మందు ఎక్కువై.”

“ఒరేయ్, నీది నాలికా తాటిమట్టా? పూటకోమాట చెప్తావా?”

“తిట్టండి. కానీ ఒకటి చెప్పండి. ఉమ్మెత్తకాయ తిన్నవాణ్ణి ఎప్పుడన్నా చూశారా?”

ప్రకాశం జిల్లా పల్లెలో పుట్టి అది చూడనివాడు ఉండడు.

“చూశా. మా ఊళ్ళో గొర్రెలు కాసే జక్రయ్య, చిన్నప్పుడు పందెం కట్టి తిన్నాడు.”

“ఏం చేశాడు?”

“మొహం ఎర్రగా... కళ్ళు ఇంతింత...” శేషాచలం చూపు మంచం మీదికి పోయింది. మాట నెమ్మదించింది. “గాల్లో ఏందో ఏరుకున్నాడు. రెండు రోజులు.”

“చచ్చాడా?”

“ఎందుకు చస్తాడు, మొన్న ఆదివారం కూడా మాకు పొట్టేలు అమ్మాడు.”

“ఈయనకి ఎక్కిస్తున్న మందు ఆ జాతిదే.”

గేటు బయట ట్రాక్టరు ఇంకా గుడగుడమంటోంది. వీరమ్మ కదిలింది. ఎవరి వంకా చూడకుండా వార్డు దాటి, మెట్లు దిగి, గేటు దాకా నడిచింది. డ్రైవరుతో ఏమందో వినపడలేదు. ఇంజను ఆగిపోయింది.

అంతసేపు ఆ మోతలో ఉండి, అది ఆగేసరికి వార్డు ఉన్నట్టుండి ఖాళీ అయినట్టనిపించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో నూగు తేలుతోంది. ఆ నిశ్శబ్దంలో త్యాగరాజుకి ఒక చప్పుడు వినపడింది. చాలా చిన్న చప్పుడు. ఎండిన గుల్లలోంచి పత్తి ఊడొచ్చేటప్పటి చప్పుడు. జానకిరామయ్య వేళ్ళు లాగినప్పుడల్లా వినపడుతోంది. అతని గోళ్ళు దుప్పటిని తాకడం లేదు. మిల్లులోంచి అయ్యుంటుందని త్యాగరాజు తనకు తాను చెప్పుకున్నాడు. మిల్లుకి ఆ రోజు సెలవని సాయంత్రం తెలిసింది.

గంట తర్వాత డాక్టరు క్రీస్తుదాసు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. కళ్ళు చూశాడు, నాడి చూశాడు, ఇంజెక్షన్ల మధ్య ఎడం పెంచమని నర్సుకి చెప్పాడు. జరిగిందంతా విని త్యాగరాజుని పక్కకి పిలిచాడు.

“కార్ఫాలజీ అని నేను కాయితం మీద రాశాననుకో. దానర్థం చేతులు ఏం చేస్తున్నాయో రాశానని. మనిషి ఏమవుతాడో రాశానని కాదు. మాట నేర్చుకోవడమంటే ఆ రెంటికీ తేడా తెలుసుకోవడం. నువ్వు పేరు నేర్చుకుని వాడటం ఆవిడకి వదిలేశావు.”

త్యాగరాజు ఈసారి పుస్తకం బల్లకేసి కొట్టలేదు, చంకన పెట్టుకున్నాడు.

రికార్డు గదిలోకి పోయి తలుపేసుకుని, దొరసాని కట్టలు విప్పాడు. ఆ మాట ఉన్న కాయితాలన్నిటికీ నెల క్రితం తనే గుర్తుగా దారప్పోగులు పెట్టాడు. మాట వరకే చూసి వదిలేసినవి. ఈసారి ఒక్కొక్కటీ అడుగుదాకా చదివాడు. ఉమ్మెత్త గింజలు మింగిన కుర్రవాడు: కార్ఫాలజీ, మూడోరోజు తగ్గింది, నడిచి ఇంటికి పోయాడు. సారా మానిన కల్లుగీత మనిషి: కార్ఫాలజీ, వారంలో తగ్గింది. ఒక ముసలమ్మ: కార్ఫాలజీ, చనిపోయింది. ఆమెకి ముందునుంచే గుండె జబ్బు.

నాలుగో కాయితం అరవయ్యొకటో సంవత్సరంది. దాన్ని కూడా చివరిదాకా చదివాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

గొడవ జరిగిన మూడో రోజు పొద్దున జానకిరామయ్య కళ్ళు తెరిచి మజ్జిగ అడిగాడు. దుర్గాంబ గ్లాసు పట్టుకుని ఏడ్చింది. శేషాచలం వరండాలోకి పోయి స్తంభం చాటున ముక్కు చీదుకున్నాడు. త్యాగరాజు కేసు కాయితం రాసుకోవడానికి మంచం దగ్గరికి వచ్చాడు. వీరమ్మ నేల తుడుస్తోంది.

“ఎట్లా ఉందండీ?”

“చేతులు పీకుతున్నయ్యి” అన్నాడు జానకిరామయ్య, వేళ్ళు ముడుచుకుంటూ. “రెండు రోజులు ఒకటే తీత. ఎవరి చేనో తెలవదు. అంతెక్కడా కనపడలా. ఎండ లేదు, నీడా లేదు. నా ఖర్మ, ఒడి కట్టుకోకుండా పోయా. తీసిందల్లా నడుం దగ్గరికి తెచ్చి వదిలితే కిందబడిపోతంది.”

“కలొచ్చిందిలే, పడుకో” అంది దుర్గాంబ.

“కల కాదే. పక్కసాల్లో ఒక పిల్ల ఉంది. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటయ్యి. ఎడంచేత్తో తీస్తంది. నా చెయ్యి అడ్డమొస్తందని నవ్వింది. ‘ఒడి లేకుండా వచ్చావేంది? ఒడి లేనోళ్ళకి ఇక్కడ పని లేదు, పో’ అంది. దాని ఒళ్ళో పత్తి నిండి, పొంగి, చుట్టూ మోకాళ్ళ ఎత్తున కింద పడి ఉంది. తన పత్తి పట్టుకోడానికి ఎవరన్నా వస్తే బాగుండునంది.”

నేల తుడిచే గుడ్డ ఆగింది. వీరమ్మ తలెత్తలేదు. కాసేపటికి గుడ్డ మళ్ళీ కదిలింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

ఎడమచేతి వాటం పిల్లలు ఊరికి పదిమంది ఉంటారని త్యాగరాజు అనుకున్నాడు. నెల క్రితం రికార్డు గదిలో వీరమ్మ తన కూతురి సంగతి చెప్పినప్పుడు జానకిరామయ్య ఈ ఆసుపత్రిలో లేడని కూడా అతనికి తెలుసు.

ఆ మధ్యాహ్నం వీరమ్మ రికార్డు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇదివరకు ఎప్పుడూ పిలవకుండా రాలేదు.

“బాబూ, ఆ కట్టల్లో మా పిల్ల కాయితం ఉందా?”

లేదని చెప్పొచ్చు. చెదలు తిన్నాయని చెప్పొచ్చు. త్యాగరాజు నోటికి అబద్ధం అలవాటే, కాలేజీకి పోతున్నానని ఇంట్లో ఆరు నెలలు చెప్పినవాడు. కానీ సగం చదివి చెప్పడం వల్ల ఏమవుతుందో మొన్ననే చూశాడు. జేబులోంచి కాయితం తీశాడు.

“ఉంది.”

“అంతా చదువు. అడుగుదాకా.”

“సంతోషకుమారి, ఎనిమిదేళ్ళు. సన్నిపాత జ్వరం. పదహారో రోజు కార్ఫాలజీ. కొత్త మందు నిన్ననే మొదలుపెట్టాం. నాడి మెరుగ్గా ఉంది.” అతను కాయితాన్ని కిటికీ వైపు తిప్పాడు. “ఇంకో మూడు రోజులు ఉంచమని తల్లికి చెప్పించాను. ఆమె ఉండలేదు. తీసుకుపోయింది.”

వీరమ్మ ఏడవలేదు. గుమ్మానికి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది. వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి, మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరిని లెక్కపెడుతోందో త్యాగరాజుకి అర్థమైంది. వాళ్ళలో ఇద్దరు తను తలాడించి పంపినవాళ్ళు.

“అందరూ బతికేవాళ్ళు కాదు వీరమ్మా” అన్నాడు. “కొందరు ఎట్లాగూ పోయేవాళ్ళే. ఎవరో, ఎందరో, పుస్తకంలో ఉండదు.”

“తెలుసు.”

“నేను కూడా తలాడించాను.”

“నువ్వు నెలరోజులే బాబూ. నేను ఇరవయ్యారేళ్ళు.”

ఆమె గుమ్మం పట్టుకుని లేచింది. పోతుందనుకున్నాడు. పోలేదు. దగ్గరికి వచ్చి బల్ల మీద తన చేతులు రెండూ బోర్లా పెట్టింది. పత్తిగుల్లల మొనలు గీరిన మచ్చలు, అరవయ్యేళ్ళ చేతులు. వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుంది.

“ఇక ఆ మాట ఈ నోట రాదు. నువ్వే రాసుకో, నీ ఇంగిలీసులో. కానీ ఒక్కటడుగుతా, చేస్తావా?”

“అడుగు.”

“రేపో మాపో ఈ మంచాల్లోనే ఒకదాని మీద పడతా నేను. నా చేతులు కూడా మొదలెడతయ్యి. అప్పుడు నన్ను మా పల్లెకి తీసకపోతామని మావాళ్ళొస్తారు, పంపొద్దు. మూడు రోజులు కాదు, ముప్పై రోజులైనా ఇక్కడే ఉంచు. మందులు ఇప్పించు, వద్దనను. కానీ చేతులు మాత్రం మంచానికి కట్టనియ్యొద్దు. ఇంకొకటి, మర్చిపోవద్దు బాబూ. నా చీర చెంగు మడిచి నడుముకి గట్టిగా ఒడి కట్టు. ఈసారి మా పిల్ల పట్టమంటే పట్టాలి.”